సొన మరక పడిన తీర్మానం

మొన్న మా వార్డు ఆఫీసులో ఒకామె వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపగానే మామిడి సొన వాసన గుప్పుమంది. తల ఎత్తకముందే నాకు సుగుణ మేడమ్ గుర్తొచ్చారు.

మా ఊరు నూజివీడు పట్టణంలో కలవకముందు ఆవిడ మా పంచాయతీ కార్యదర్శి. నేను ఆవిడ దగ్గర గుమాస్తాను. విలీనానికి గ్రామసభ తీర్మానం కావాలని పై అధికారులు అన్నారు. అసలే కోతల కాలం, ఊరంతా తోటల్లోనే ఉంది. ఇలాంటప్పుడు తీర్మానం ముందే రాసేసి, పుస్తకం ఇంటింటికీ తిప్పి సంతకాలు పెట్టించుకోవడం మాకు అలవాటే. ‘ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అని రాసి, నా తెలివికి నేనే మురిసిపోతూ ఆవిడ ముందు పెట్టాను.

ఆవిడ చదివి, "ఎవరినడిగి రాశావు?" అన్నారు. అంతే. నోటీసిచ్చి, చాటింపు వేయించి, కూలీలు అన్నాలు తినే వేళకి సభను తోటలోనే పెట్టించారు. ప్రతి వాక్యమూ చదివి వినిపించారు. రోడ్లు, కుళాయిలు వస్తాయని అందరూ తలలూపారు. మరియమ్మ అనే ముసలి కూలీ మాత్రం, కోతలైపోయాక ఉపాధి పని ఉంటుందా అని అడిగింది. ఆఫీసు వాళ్లకి ‘చూద్దాం’ అనే మాట నాలుక చివరే ఉంటుంది. మేడమ్ కుర్చీలోంచి లేచి వెళ్లి, ఆమె పక్కన నేలమీద కూర్చున్నారు.

"ఉండదు మరియమ్మా. అది పల్లెలకే. టౌనులో కలిస్తే రాదు."

"అయితే నాకిష్టం లేదని రాయండమ్మా."

ఒక్కరే కదండీ అని గొణిగాను. మేడమ్ నా చేతనే ‘ఏకగ్రీవంగా’ అన్న మాట కొట్టేయించి, మరియమ్మ అభ్యంతరం రాయించారు. ఆమె వేలిముద్ర పక్కన సొన మరక పడింది.

అభ్యంతరం నిలవలేదు. గెజిట్ వచ్చింది. పంచాయతీ ముద్రా, పుస్తకాలూ అప్పగించిన రోజున మేడమ్‌ని సాగనంపడానికి నేను తప్ప ఎవరూ రాలేదు. విలీనానికి అడ్డుపడిందని ఊరి పెద్దలకి కోపం. మరియమ్మ ఆ వేళకి తోటలో ఉంది. మేడమ్ కొత్త పోస్టింగుకని చాట్రాయి బస్సెక్కారు. వస్తుంటానండీ అన్నాను, ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఆ సిగ్గు ఇంకా పోలేదు. నిరుడు ఆవిడ పోయారని ఎవరో చెబితే తెలిసింది. దగ్గర ఎవరూ లేరట. అది తలుచుకుంటే ఆఫీసు నిండా జనమున్నా నాకు ఒంటరిగానే ఉంటుంది.

మొన్న వచ్చింది ఆ మరియమ్మే. వేలిముద్రకి ముందు పింఛను కాగితమంతా చదివి వినిపించాను. ఎవరొచ్చినా అలాగే చదువుతాను. పక్క సీటువాళ్లు నవ్వుకుంటారు. ఆమె వెళ్లబోతూ ఆగి, "మేడమ్ గారు బాగున్నారా బాబూ?" అంది.

బాగున్నారు అనే మాట నోటిదాకా వచ్చింది. లేచి వెళ్లి ఆమెను బెంచీ మీద కూర్చోబెట్టి, పక్కనే కూర్చున్నాను.

"లేరు మరియమ్మా" అన్నాను.