మెట్ల కింది బూట్లు

రాత్రి డ్యూటీల్లో ఎన్ని శవాలకు ఒళ్ళు తుడిచానో నాకే గుర్తు లేదు. ఒక్కరూ లేచి కూర్చోలేదు. అందుకే దయ్యాల కబుర్లంటే నాకు చిరాకు. ఇది చదివాక నన్నూ ఆ కబుర్లరాయుళ్ళలో కలిపేస్తారని తెలుసు. కలుపుకోండి.

అవి రిసెషన్ రోజులు. మేం ఐర్లండ్‌లో, వాటర్‌ఫోర్డ్‌లో ఉండేవాళ్ళం. మా ఆయన సైట్ ఇంజనీరు. కట్టే ఇళ్ళన్నీ సగంలో ఆగిపోయి ఆయన ఉద్యోగం పోయింది. నా నర్సు జీతం మీదే పాపతో కలిపి ముగ్గురం బతకాలి. అప్పుడొక ఐరిష్ పెద్దావిడ తన పాత ఇల్లు చాలా తక్కువ అద్దెకిచ్చింది. ఒకటే షరతు. మెట్ల కింద ప్రెస్‌లో, అంటే అలమరాలో, వాళ్ళ నాయనమ్మ బూట్లున్నాయి. వాటిని పారెయ్యకూడదు.

వందేళ్ళనాటి ఆడవాళ్ళ తోలు బూట్లు. పిక్కల దాకా వస్తాయి, ముందు పైదాకా లేసులు, మొన సన్నగా ఉంటుంది. మడమల దగ్గర తెల్లగా బూజు. బియ్యం బస్తా పెట్టుకునే చోట చెప్పులేంటి, ఖర్మ కాకపోతే. తీసి గుమ్మం బయట మా చెప్పుల పక్కన పెట్టాను.

రెండో రోజు వాన జల్లు కొట్టింది. పాడైతే ఆవిడ ఊరుకోదని, డ్యూటీ నుంచి రాగానే లోపల చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా ఉంది. తడి కూడా వాన తడి కాదు, జిగట చెమట. రోజంతా నిలబడ్డ మనిషి అప్పుడే విప్పినట్టుంది. మా ఆయన ఇంటర్వ్యూకని డబ్లిన్ వెళ్ళాడు, పాప స్కూల్లో ఉంది. సబ్బు పెట్టి రెండుసార్లు చెయ్యి కడుక్కున్నాను.

ఆరతాయని పాత పేపర్లు ఉండలు చేసి కుక్కాను. మర్నాడు మధ్యాహ్నం తీస్తే అట్టలా అణిగిపోయి ఉన్నాయి. మడమ గుంట, అయిదు వేళ్ళ అచ్చు. బొటనవేలు పక్క వేలి మీదికి ఎక్కి ఉంది. పేపరుకి నానిన చర్మం పొర ఒకటి అంటుకుంది. రోజూ పుళ్ళకి కట్లు కట్టేదాన్ని, చర్మం పొరేదో నాకు తెలీదా? అక్కడే వాంతి చేసుకున్నాను.

డబ్లిన్ నుంచి వచ్చాక చెప్తే మా ఆయన నవ్వాడు. "రిసెషన్ కదా, దయ్యాలకీ ఇళ్ళు దొరకట్లేదేమోలే," అన్నాడు. బూట్లు మళ్ళీ ప్రెస్‌లో పెట్టేశాడు. ఈ అద్దెకి ఇంకో ఇల్లు రాదు, పిల్లని తీసుకుని ఎక్కడికి పోతాం అన్నాడు. అదీ నిజమే. కానీ నాకు ఆ ఇంట్లో ముద్ద దిగట్లేదు. ఏం వండినా ఆ పాదాల కంపే. వారం ఓర్చుకుని, మీరు రాకపోతే పిల్లతో నేనే పోతానని చెప్పేశాను.

శనివారం పట్టపగలు, నా పిచ్చి వదిలిస్తానని ఆయన ఒక బూటు తీసి, లేసు వదులు చేసి, మణికట్టు దాకా చెయ్యి దూర్చాడు. నవ్వు మధ్యలో ఆగిపోయింది. చెయ్యి లాక్కుని ప్యాంటుకి తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ సాయంత్రమే డబ్లిన్ పక్కన లూకన్‌లో ఉండే స్నేహితుడికి ఫోన్ చేసి, వాళ్ళింట్లో ఒక గది అడిగాడు.

ఆ ఒక్క గదిలో ముగ్గురం ఏడాది పైగా ఇరుక్కుని బతికాం. ఆయన ఒక్కసారి కూడా సణగలేదు. వాటర్‌ఫోర్డ్ ఇల్లు ఖాళీ చేసి వస్తుంటే మాత్రం, కారులో, రోడ్డు మీంచి చూపు తిప్పకుండా ఒక్క మాట అడిగాడు.

"నువ్వు చెయ్యి పెట్టినప్పుడు నీకు వేళ్ళు తగల్లేదా?"

తగల్లేదు. నాకు తగిలింది వేడి, తడి, అంతే.