లవంగ నూనె

చిత్తూరు నుంచి తిరుపతికి వస్తున్న బస్సులో, చంకకర్రతో ఒక పెద్దావిడ నా పక్కన కూర్చుంది. ఆవిడ ఎడమ కాలు మోకాలి దాకా తీసేశారు. ఏమైందని అడిగాను.

“షుగరు పుండమ్మా. డాక్టరు మాత్రలిచ్చినాడు. అంతలో లవంగ నూనెకి క్రిములు సస్తాయని పేపర్లో ఏసినారు. తిరుపతిలో సదువుకున్నోళ్లే కనిపెట్టినారంట. ఇంగ మాత్రలెందుకని మానేసి, నూనె పూసుకుంటా ఉంటిని.”

ఆ పరిశోధన చేసింది నేనే. యాంటీబయాటిక్ ఒక్కటే వేస్తే లొంగని క్రిములు, దానికి లవంగ నూనె కలిపితే చచ్చాయి. అది కూడా ల్యాబులో, గాజు పళ్లెంలో. మనుషుల మీద ఇంకా చూడలేదని, మందులు మానకూడదని విలేకరికి చెప్పాను. పేపర్లో ఆ మాట రాలేదు. నా పేరు మాత్రం పెద్ద అక్షరాల్లో వచ్చింది. సవరణ వేయమని నేను అడగలేదు. ఆ వార్తను కత్తిరించి ల్యాబు గోడకు అంటించుకున్నాను.

“నువ్వేం జేస్తావు పాపా?” అని అడిగింది.

“టీచర్ని,” అన్నాను.

“అట్లయితే పిల్లోళ్లకి సెప్పు తల్లీ, నా మాదిరి మందులు మానుకోవద్దని.”

తలూపాను. తిరుపతి దాకా టికెట్ ఉన్నా, చంద్రగిరిలోనే దిగిపోయాను.