యాకూబ్ సార్ అతికించిన పుస్తకాలు

నిన్న పొద్దున ఫోన్ తీయగానే మా గల్లీ గ్రూప్‌లో మెసేజ్. యాకూబ్ సార్ ఇక లేరని.

రెండు మూడు సార్లు చదివాను. మొన్ననే చాయ్ హోటల్ దగ్గర ఆపి, "గ్రూప్స్ ప్రిపరేషన్ ఎట్ల నడుస్తాంది బిడ్డా" అని అడిగారు.

హార్ట్ ఎటాక్. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది.

తెలియనివాళ్లకు చెబుతున్నా. సార్ మా పేట లైబ్రరీని చూసుకునేవారు. రిటైరయ్యాక కూడా రోజూ వచ్చి తాళం తీసేది ఆయనే.

పోయిన ఎండాకాలం, ఒక ఆదివారం, ఎవరో కిటికీ పగలగొట్టి లోపలికి దూరారు. బీరువాలు పడేశారు. పుస్తకాలు చించి, పెయింట్ డబ్బాలు వాటి మీద కుమ్మరించారు.

మర్నాడు నేను వెళ్లేసరికి సార్ నేల మీద కూర్చుని, పిల్లల కథల పుస్తకంలో అంటుకుపోయిన పేజీలను స్కేలుతో మెల్లగా విడదీస్తున్నారు. గుమ్మం దగ్గర జనం వీడియోలు తీస్తున్నారు.

ఆయన ఎవరినీ తిట్టలేదు. వచ్చిన ప్రతివాళ్ల ముందూ ఆ పని తానే చేసినట్టు తల దించుకున్నారు.

ఎవరు చేశారో కనుక్కుందాం సార్, కేసు పెడదాం అన్నారు ఎవరో.

"నాకు మాత్రం పేర్లు చెప్పకుండ్రి. రేపు వాళ్లే సదువుకుంటమని వస్తే, నేను వాళ్ల మొకం ఎట్ల సూడాలె?"

ఆ వానాకాలమంతా మైదా జిగురు కాచి పేజీలు అతికించారు. చేతులు వణికేవి. జర ఈ అంచు పట్టుకొమ్మని మమ్మల్ని పిలిచేవారు.

మా తమ్ముడు మాత్రం ఎన్నిసార్లు పిలిచినా రాలేదు.

నిన్న వార్త చెప్పగానే వాడు గది తలుపు దగ్గరికి వేశాడు. అప్పుడు బయటపెట్టాడు. ఆ ఆదివారం లోపలికి దూరినవాళ్లలో తనూ ఉన్నాడట.

రీడింగ్ రూమ్‌లో గోల చేస్తున్నారని సార్ ఒకసారి వాళ్లను బయటికి పంపించారట. ఆ కోపం. అంతే.

సార్ మా ఇంట్లో ఎన్నిసార్లు చాయ్ తాగారు. ఆ కప్పు వాడి చేతుల మీదుగానే అందుకున్నారు.

"నేను జనాజాకు రావచ్చా అన్నా?"

ఔననలేకపోయాను. కాదనలేకపోయాను.

వచ్చాడు. అందరికంటే వెనక నడిచాడు. జనాజా మోస్తూ భుజం మార్చుకోవడానికి ఎవరో పిలిస్తే, రెండడుగులు వెనక్కి వేశాడు.

ఖబరస్తాన్‌లో మట్టి వేసి తిరిగొచ్చాక, సార్ భార్య ఫాతిమా చిన్నమ్మ దగ్గరికి వెళ్లి మొత్తం చెప్పాడు. నేను పక్కనే ఉన్నాను.

చిన్నమ్మ ఏడవలేదు. వాడి వైపు చూసింది.

"ఆయన ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే బిడ్డా?"

ఇంకేమీ అనకుండా లోపలికి వెళ్లిపోయింది.



సార్ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. రాస్తుంటే సిగ్గుతో చచ్చిపోతున్నా. ఆయనను అంత బాధ పెట్టింది మా ఇల్లే.

వెళ్లిరండి సార్. క్షమించమని అడగడానికి కూడా మాకు నోరు రావడం లేదు.

అల్లా మీ సమాధిని చల్లగా ఉంచాలి.