లిఫ్టు నవల రాసినావిడ మోకాలు

తన భార్య ఉద్యోగం మనుషుల్ని ఏడిపించడమని ఆమె భర్త ఇంటికొచ్చిన చుట్టాలందరికీ చెబుతుండేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె ఫిజియోథెరపిస్టు. ఆపరేషన్ అయిన మోకాళ్లు, విరిగి అతుక్కున్న మోచేతులు, చచ్చుబడిన వేళ్లు, వీటన్నిటినీ మళ్లీ దారికి తేవడం ఆమె పని. పొద్దున ఆసుపత్రిలో, మధ్యాహ్నం నుంచి ఇళ్లకి వెళ్లి. పేషెంట్లు మొదటివారం ఆమెని లోపల్లోపల తిట్టుకునేవారు, కొందరు పైకే తిట్టేవారు. నెల తిరిగేసరికి అదే మనుషులు మెట్లెక్కి చూపించి మురిసిపోయేవారు. ఆసుపత్రిలో అందరూ ఆమెని ‘మోకాళ్ల మేడమ్’ అనేవారు. ఆ పేరు ఆమెకి నచ్చలేదు గానీ, నచ్చలేదని చెబితే ఇంకా గట్టిగా అంటుకుంటుందని ఊరుకుంది.

ఆమెకి ఉన్న ఒకే ఒక్క వ్యసనం థ్రిల్లర్ నవలలు. హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక నవలని గది గదికీ పంచడానికి వీపు చీల్చి నాలుగు ముక్కలు చేసేవారు. మూడో ముక్క చదువుతున్న పిల్ల రెండో ముక్క కోసం పక్కగది తలుపు బాదేది. అలా వెనకా ముందూ చదవడం వల్ల హంతకుడు ముందే తెలిసిపోయినా ఆమెకి ఉత్సాహం తగ్గేది కాదు. ఎవరు చంపారన్నది కాదు, ఎలా తప్పించుకుంటారన్నది చూడాలని ఆమె వాదన.

పెళ్లయిన కొత్తలో ఆమెకి అత్తగారంటే వణుకు. ఆవిడ మాట తక్కువ, చూపు ఎక్కువ. ఒకరోజు మంచం కింద ఊడుస్తుంటే దారంతో కుట్టిన ఒక కట్ట బయటపడింది. వారపత్రికలో వచ్చిన సీరియల్ పేజీలు వరసగా కత్తిరించి కుట్టినవి. హోటల్లో రెండంతస్తుల మధ్య ఇరుక్కున్న లిఫ్టులో శవం దొరికే కథ. ఆమె హాస్టల్లో ప్రాణం పెట్టి చదివిన సీరియలే. చీపురు పక్కన పడేసి అక్కడే కూర్చుని చదువుతోంది. అత్తగారు గుమ్మంలోంచి చూసింది. తిట్లు తప్పవనుకుంది కోడలు.

“ఎంతవరకు వచ్చావ్?” అంది అత్తగారు.

“డాక్టరు వచ్చేవరకు అత్తయ్యా.”

“వాడే చంపాడు. చూస్తూ ఉండు.”

కానీ చూడ్డానికి మిగిలిందేమీ లేదు. ఆ సీరియల్ మధ్యలో ఉండగానే పత్రిక మూతబడింది. రాసినాయన మళ్లీ ఎక్కడా కనిపించలేదు. ఆయన పాత నవలలన్నీ ఇద్దరి దగ్గరా ఉన్నాయి. వెనక అట్టమీద ఫొటో కూడా: దట్టమైన మీసం, కాస్త అనుమానంగా చూసే కళ్లు. డాక్టరే హంతకుడని అత్తగారు, హోటల్ మేనేజరని కోడలు. కోడలికి లోపల ఇంకో భయం ఉండేది. లిఫ్టు నడిపే మనిషంటే ఆమెకి ప్రాణం. తన బిస్కెట్లు వీధికుక్కకి పెట్టే మెతక మనిషి. అంత మంచివాణ్ణి కథలో పెట్టారంటే చివరికి వాణ్ణే హంతకుణ్ణి చేస్తారేమోనని ఆమె అనుమానం. ఆ మాట అత్తగారితో కూడా అనలేదు.

గిన్నెలు తోముకుంటూ అత్తాకోడళ్లు ఒక ఆట ఆడేవారు. ఏ రచయితనైనా ఇంటికి పిలవచ్చంటే ఎవరిని పిలుస్తావు? ఎన్ని పేర్లు అనుకున్నా చివరికి ఇద్దరూ ఆ మీసాలాయన దగ్గరే ఆగేవారు. కోడలు ఆయన ఎదుట కూర్చుని ఏమేం అడగాలో చెప్పుకుపోయేది. అత్తగారు మాత్రం, “కలవకపోవడమే మంచిదేమోనే. మనిషి చిరచిరలాడే రకమైతే ఇన్ని పుస్తకాలూ చేదెక్కిపోతాయి,” అనేది.

ఇదంతా ఇలా ఉండగా ఆసుపత్రి పెద్ద డాక్టరు ఆమెకి ఒక ఇంటి పేషెంటుని అప్పగించాడు. డెబ్భై దాటినావిడ. పెళ్లి చేసుకోలేదు, తమ్ముడితో కలిసి ఉంటుంది. మోకాలి చిప్ప మార్చి వారాలు గడుస్తున్నా కాలు వంచనివ్వడం లేదు. అంతకుముందు వెళ్లిన ఇద్దరు ఫిజియోలూ దండం పెట్టి వచ్చేశారు. మామూలు కుర్చీలో కూర్చున్నప్పుడు కాలు ఎంత వంగుతుందో అంతైనా వంగాలి, వచ్చే పరీక్షకి వంగకపోతే మత్తిచ్చి బలవంతంగా వంచక తప్పదని డాక్టరు చెప్పాడు. గుండె అంత గట్టిగా లేని మనిషికి మళ్లీ మత్తంటే ఆయనకీ దిగులుగానే ఉంది. “ఎలాగో మీరే చూడండమ్మా,” అన్నాడు.

ఆ ఇల్లు రెండో అంతస్తులో. తమ్ముడు తలుపు తీసేవాడు. బక్కపల్చని మనిషి, నెరిసిన మీసం, చేతిలో ఎప్పుడూ ఒక గుడ్డ, ఏదో ఒకటి తుడుస్తూ. పేషెంటు కిటికీ పక్క మంచం మీద కాలు చాపుకుని కూర్చునేది. చీలమండ మీద చెయ్యి వేయగానే, “చాలు,” అనేది. ఇంకా మొదలే పెట్టలేదండీ అంటే, మొదలుపెట్టకపోవడమే మంచిదనేది. వారం గడిచింది. మోకాలు ససేమిరా అంది. ఫిజియోకి తల ప్రాణం తోకకొచ్చింది. రాత్రి పడుకుంటే ఆ మోకాలే గుర్తొచ్చేది.

నొప్పి మరిపించడానికి ఆమె దగ్గరున్న మందు కబుర్లు. వంటల గురించి కదిపింది, తోటల గురించి కదిపింది. ఆవిడ ‘ఊ’ కొట్టలేదు. ఒకరోజు విసుగెత్తి తన గురించే మొదలుపెట్టింది. తనకి థ్రిల్లర్లంటే పిచ్చని చెప్పింది.

“చెత్త,” అంది ఆవిడ.

ఫిజియోకి రోషం వచ్చింది. అన్నీ చెత్త కాదంది. ఉదాహరణకి ఆ లిఫ్టు సీరియల్ ఉందే అంటూ, నాలుగో అంతస్తుకీ ఐదో అంతస్తుకీ మధ్య ఆగిన లిఫ్టు, అందులో శవం, ఇలా కథంతా చెప్పుకొచ్చింది.

“మూడుకీ నాలుక్కీ మధ్య,” అంది ఆవిడ.

కాదంది ఫిజియో. ఆ పేజీలు ఇప్పటికీ ఇంట్లో ఉన్నాయని, కావాలంటే తెచ్చి చూపిస్తానని పందెం కాసింది. ఆవిడ కాసేపు కిటికీలోంచి ఎదురింటి డాబా మీద ఆరేసిన దుప్పట్లకేసి చూసింది.

“తేనక్కర్లేదమ్మా. రాసింది నేనే.”

ఫిజియో నవ్వింది. రాసింది మగవారని, వెనక అట్టమీద ఫొటో కూడా ఉందని చెప్పింది. అప్పుడే తమ్ముడు టీ కప్పులతో లోపలికొచ్చాడు. ఆవిడ అతని మొహంకేసి వేలు చూపించింది. ఫిజియో చూసింది. మీసం తెల్లబడింది, బుగ్గలు లోపలికి పోయాయి. కానీ కళ్లు అవే. కాస్త అనుమానంగా చూసే ఆ కళ్లు వారం రోజులుగా తనకి తలుపు తీస్తున్నాయి.

ఆడపేరుతో హత్యల కథలు ఎవరు కొంటారని ఆ రోజుల్లో ప్రచురణకర్త మగపేరు పెట్టాడట. ఫొటో కావాలంటే ఇంట్లో ఉన్న మగాడు ఇతనొక్కడే. “రాసింది ఈవిడ, తన్నులు తిన్నది నేను,” అన్నాడు తమ్ముడు తాపీగా. సీరియల్ ఆగిపోయాక బస్సులో ఒకాయన అతని చొక్కా పట్టుకుని హంతకుడెవరో చెబితే గానీ దిగనివ్వనన్నాడట. ఆ దెబ్బతో రెండేళ్లు మీసం తీసేసి తిరిగాడట.

ఫిజియో ఇక ఉండబట్టలేకపోయింది. ఇన్నేళ్లుగా అడగాలనుకున్న ప్రశ్న అడిగేసింది. ఎవరు చంపారు?

ఆవిడ తలవంచుకుంది. “నాకూ తెలీదమ్మా.”

వారం వారం రాసుకుంటూ పోయిందట. ఎవరో ఒకరు దొరక్కపోతారా అనుకుందట. ఎవరూ దొరకలేదు. పత్రిక మూతపడిందని తెలిసిన రోజున ఒళ్లు తెలియకుండా నిద్రపోయిందట. తర్వాత సిగ్గేసింది. అంతమందిని మోసం చేశానన్న బెరుకుతో మళ్లీ కలం పట్టలేకపోయింది. “అన్ని హత్యలు రాసినదాన్ని. సూది చూస్తే కళ్లు తిరుగుతాయి నాకు. ఈ కాలు వంచితే ఏదో ఫట్టుమంటుందని భయం,” అంది. ఆ మాట అంతవరకూ ఏ ఫిజియోకీ చెప్పలేదట.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి వెళ్లేసరికి మనసేం బాగాలేదు. అత్తగారికి చెప్పాలా వద్దా అని కాసేపు తర్జనభర్జన పడి, చివరికి చెప్పేసింది. ఆవిడ కూరగాయలు తరగడం ఆపింది. తర్వాత భుజాలు కదిలేలా నవ్వడం మొదలుపెట్టింది.

“రాసినావిడకే తెలీదంటే, మనిద్దరిలో ఎవరమూ తప్పు చెప్పలేదన్నమాట,” అంది. “రేపు నన్నూ తీసుకెళ్లు.”

రచయిత్రి మొదట ఒప్పుకోలేదు. ఎవరో వచ్చి కడిగేస్తారని ఆవిడ భయం. తమ్ముడే నచ్చజెప్పాడు. మర్నాడు అత్తగారు చీర మార్చుకుని, జుట్టు దువ్వుకుని, ఆ కుట్టిన కట్ట సంచిలో పెట్టుకుని బయల్దేరింది. మంచం పక్క కుర్చీలో కూర్చుని మర్యాదకి ఆరోగ్యం అడిగింది. ఆ తర్వాత ఇక ఆగలేదు.

“వదినగారూ, ఏమీ అనుకోకండి. కబురు వెళ్లకముందే ఆ డాక్టరు హోటల్‌కి ఎలా వచ్చాడు?”

“పైఅంతస్తులో ఇంకో పేషెంటు ఉన్నాడు కదండీ,” అంది రచయిత్రి.

“ఆ పేషెంటుని ఎవరైనా చూశారా?”

రచయిత్రి దిండు మీద నుంచి లేచి కూర్చుంది. అలా కుదరదంది. డాక్టరు చేతికి అప్పటికే కట్టు ఉందని, లిఫ్టు బరువైన ఇనప జాలీ తలుపు ఒంటిచేత్తో తీయలేడని వాదించింది. ఆ కట్టు నిజమైనదని ఎక్కడ రాశారో చూపించమని అత్తగారు పేజీలు తిప్పింది. ఇద్దరి గొంతులూ పెరిగాయి. ఫిజియో మంచం అంచున కూర్చుని చీలమండ పట్టుకుని, మెల్లగా, మరీ మెల్లగా మడమని వెనక్కి జరుపుతోంది. ‘చాలు’ అన్న మాట రాలేదు. ఆవిడ చెయ్యి ఊపుతూ మేనేజరు తాళాల గుత్తి గురించి చెబుతోంది. ఫిజియో ఊపిరి బిగబట్టి ఇంకాస్త జరిపింది. కోణం కొలిచే ప్లాస్టిక్ కొలబద్ద తీసి మోకాలి పక్కన పెట్టింది. నమ్మకం కుదరక మళ్లీ పెట్టింది.

“తొంభై డిగ్రీలు దాటింది,” అంది. ఆమె గొంతు ఆమెకే వింతగా వినిపించింది.

ఇద్దరూ మాటలాపి కాలికేసి చూశారు. రచయిత్రి తన మోకాలిని పరాయివాళ్ల వస్తువులా వేళ్లతో తడిమింది. ఏదీ ఫట్టుమనలేదు. నొప్పి లేకపోలేదు గానీ అనుకున్నంత లేదంది. కళ్లు చెమర్చాయి. తమ్ముడు గుమ్మంలో నిలబడి చేతిలో ఉన్న గుడ్డతోనే మొహం తుడుచుకున్నాడు.

కాలు కింద దిండు సర్దుతూ ఫిజియో గొంతు తగ్గించి అడిగింది. “లిఫ్టు నడిపేవాడు మాత్రం కాదు కదండీ?”

“వాడెందుకు చంపుతాడమ్మా? వాడు నాకంటే పిరికివాడు.”

ఆ మాటకి ఆమె గుండెల మీద నుంచి ఏదో దిగినట్టయింది. పుట్టని మనిషి కోసం ఇన్నేళ్లు బెంగపెట్టుకున్నానా అని సిగ్గుపడింది కూడా. అయినా హాయిగానే ఉంది.

పరీక్ష రోజున డాక్టరు కాలు వంచి చూసి, చాపి చూసి, ఇక మత్తు అక్కర్లేదన్నాడు. ఏం చేశారని అడిగితే, మా అత్తగారితో వాదన పెట్టించానని ఫిజియో చెప్పింది. ఆయన అది వేళాకోళం అనుకున్నాడు.

ఆ తర్వాత వాదన ఫోనులోకి మారింది. పెద్దవాళ్లిద్దరూ రోజూ మధ్యాహ్నం మాట్లాడుకునేవారు. కొన్నాళ్లకి ఆగిపోయిన కథని రచయిత్రి చెబుతుంటే తమ్ముడు రాయడం మొదలుపెట్టాడని తెలిసింది. హంతకుడు ఎవరని అడిగితే, ఈసారి తెలిసే రాస్తున్నానని మాత్రం అందట. అత్తగారు ఎంత గుచ్చిగుచ్చి అడిగినా అంతకుమించి పెదవి విప్పలేదు.

చివరిరోజు రచయిత్రి కర్ర ఊతంతో రెండంతస్తుల మెట్లూ దిగి వీధిలోకొచ్చింది. మూల దుకాణం వరకూ నడిచి, తమ్ముడికి ఒక కలం కొని, మళ్లీ నడిచొచ్చింది. ఫిజియో ఆమెని ఇంట్లో దిగబెట్టి బస్సెక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. ఇన్ని వారాల అలసటా అప్పుడే గుర్తొచ్చినట్టు కళ్లు మూతలు పడ్డాయి. కండక్టరు భుజం తట్టి లేపేసరికి దిగాల్సిన స్టాపు ఎప్పుడో దాటిపోయింది. మామూలుగా అయితే తనని తాను తిట్టుకునేది. ఆ రోజు మాత్రం దిగి, బ్యాగు ఇంకో భుజానికి మార్చుకుని, చల్లగాలిలో నింపాదిగా వెనక్కి నడిచింది.