పంఖా మీది బొట్టు

2023 వానాకాలం. శంషాబాద్ దాటాక ఒక గోదాములో మా మ్యూజియం స్టోర్ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మనవాళ్లే గీసి, మనవాళ్లే తయారుచేసిన రేడియోలు, స్టవ్‌లు, కుట్టుమిషన్లు అక్కడ భద్రపరుస్తాం. తలమీదుగా విమానం పోయినప్పుడల్లా అరల్లోని గాజు సామాను సన్నగా మోగుతుంది. నేను అక్కడ రిజిస్ట్రార్‌ని. అంటే వచ్చిన వస్తువును పరీక్షించి సేకరణలోకి తీసుకునేవాణ్ణి. ఒకప్పుడు మాకే ఒక ఫ్యాక్టరీ ఉండేదని అక్కడ ఎవరికీ చెప్పలేదు. జాలి నాకు పడదు.

మామిడిపల్లిలో లక్ష్మమ్మ అనే ఆవిడ తన పిండిగిర్ని మూసేస్తోందని, అక్కడ పాత టేబుల్ ఫ్యాను ఉందని తెలిసి వెళ్లాను. చూడగానే గుర్తుపట్టాను. గగన్‌పహాడ్‌లో మూతపడిన మా ఫ్యాక్టరీ సరుకు. లేత ఆకుపచ్చ రంగు, తామర రేకుల్లాంటి మూడు రెక్కలు. మా ఇంట్లోవన్నీ వేలంలో పోయాయి. అడుగున ఉండే ఇత్తడి నేమ్‌ప్లేట్ మాత్రం కనబడలేదు. ఏటా దసరాకు పెట్టిన పసుపు, కుంకుమ దానిమీద అట్టకట్టి ఉన్నాయి.

“తుక్కోడు రెండుసార్లు వచ్చిండు సారూ, ఇయ్యబుద్ధి కాలే.”

“మేం జాగ్రత్తగా చూసుకుంటాం, లక్ష్మమ్మగారూ.”

“గారు ఏంది? జర నడుము వంచి కూసో. అక్కా అను, చాలు.”

నేను కూర్చోలేదు.

“ఇస్త గని, బొట్టు తుడువొద్దు,” అంది. “అన్నిటికంటె అడుగు పొర మా ఆయన పెట్టింది. ఆయన పోయినంక దాని మీదనే నేను పెట్టుకుంట వస్తున్న.”

మాట ఇచ్చాను. మా ఇంట్లో వేలానికి పోనిది మాటొక్కటే.

వస్తువులను శుభ్రపరిచి కాపాడే కన్జర్వేటర్ శ్రావణి ఫ్యాను చూడగానే దూదిపుల్ల అందుకుంది. “సార్, పేరు చదవగలిగితేనే ప్రొవెనెన్స్. ఎవరు చేసిందో రుజువు లేకపోతే కమిటీ వెనక్కి పంపిస్తది.”

“తుడవనని లక్ష్మమ్మగారికి మాట ఇచ్చాను. కానీ వెనక్కి పోతే తుక్కులోకే,” అన్నాను.

“అందుకే తుడుద్దాం అంటున్న. ఆమెకు ఎట్ల తెలుస్తది?”

ఆ కుంకుమ కింద మా తాతగారి పేరుంది. ఆ అక్షరాలు మళ్లీ చూడాలని నాకూ ఉంది. అయినా “వద్దమ్మా,” అన్నాను.

కమిటీ ముందు ఫ్యానుతో పాటు ఇంటినుంచి తెచ్చిన ఫోటో ఒకటి పెట్టాను. ఫ్యాక్టరీ గేటు దగ్గర మా నాన్నగారు, పక్కన స్టూలు మీద ఇలాంటిదే ఫ్యాను.

“ఈ ఫోటో మీ దగ్గరకు ఎట్ల వచ్చింది?” అని అధ్యక్షుడు అడిగారు.

“ఫ్యాక్టరీ మాది. ఈ రెక్కల వంపు మా తాతగారు గీశారు.”

“అంత పెద్దింటివాళ్లా! మరి ఇక్కడ ఈ నౌకరీ...” అంటూ ఆగిపోయారు. ఇన్నేళ్లు తప్పించుకున్న చూపు బల్ల చుట్టూ అందరి కళ్లలో కనబడింది. నిలబడే భరించాను. ఫ్యాను సేకరణలో చేరింది.

ప్రదర్శన మొదలయ్యాక లక్ష్మమ్మ వచ్చింది. ముందు బొట్టు చూసుకుంది, తర్వాత రెక్కలు.

“తిరగదా?”

“మ్యూజియంలో తిప్పం.”

“మంచిగుంది. నాకంటే ముందు దీనికి ఆరాం దొరికింది.”

వస్తువుకు రుజువు వస్తువు మీదే ఉండాలని నా వృత్తి నాకు నేర్పింది. దాన్ని ఎరిగినవాడు నోరు విప్పడం కూడా రుజువేనని ఈ ఫ్యాను నేర్పింది. అలా నోరు విప్పడం అలసట తెచ్చే పని. ఆ రోజు ఆమె ముందు బిగుసుకుని నిలబడే ఓపిక నాకు లేకపోయింది.

“కూర్చుందాం అక్కా,” అన్నాను.