రెండంగుళాల మడత

మా అరుణమ్మ పిన్ని ముప్ఫై ఏళ్ళుగా సింగపూర్‌లో, టోవా పాయోలో బట్టలు కుడుతోంది. ఆవిడకి మనుషుల పేర్లు గుర్తుండవు, కొలతలు గుర్తుంటాయి. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే, వాళ్ళు దిగిపోయాక "ఎవరే ఈవిడ? జబ్బ పదమూడు" అంటుంది. షిప్‌యార్డులో పనిచేసే బాబాయి వెంట విజయనగరం నుంచి వచ్చేటప్పుడు పెట్టెలో కత్తెర కూడా తెచ్చుకుంది. ఇప్పటికీ ఆ కత్తెర ఎవరినీ ముట్టుకోనివ్వదు.

నేను ఆవిడ అక్క కూతుర్ని, తారాదేవిని. వైటూకే ముందు ఏడాది కంప్యూటర్ కోర్సు చదవడానికి వచ్చి పిన్ని ఫ్లాట్‌లోనే దిగాను.

అప్పట్లో ఇంగ్లండులో మార్బుల్ గర్ల్స్ అని నలుగురమ్మాయిల గ్రూపు ఉండేది. ఆ నలుగురూ కుదురుగా ఎప్పుడున్నారు గనక! ఒకమ్మాయి పెళ్ళి చేసుకుని మానేసింది, ఒకమ్మాయి అలిగి మానేసింది, ఆ చోట్లోకి వచ్చిన పిల్ల ఆరు నెలలకే ఒంటరిగా పాడుకుంటానని వెళ్ళిపోయింది. పేరు మాత్రం అదే. ఇక్కడ పాటల కార్యక్రమాలు నడిపే విశ్వనాథం అంకుల్ ఆ గ్రూపుకి నకలు ఒకటి తయారుచేశాడు. సాఫ్ట్‌వేర్ కంపెనీలకి డబ్బు ఏం చేసుకోవాలో తెలియని రోజులవి. ఏడాది చివర ప్రతి కంపెనీకీ హోటల్లో విందు, విందులో పాటలు. అక్కడ ఒకమ్మాయి మానేస్తే ఇక్కడ ఆ వేషం వేసే అమ్మాయీ దిగిపోవాలన్నది అంకుల్ నియమం. గౌన్లు మాత్రం అవే. పాత గౌనుని కొత్త అమ్మాయి ఒంటికి సరిచేయడం పిన్ని పని.

ఆ నియమం సుచిత్రకి మాత్రం వర్తించేది కాదు. సుచిత్ర ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, ఇక్కడివాళ్ళలాగే మాట చివర "లాహ్" తగిలించేది; బ్యాంకులో ప్రోగ్రామర్. మిగతా ముగ్గురూ టేపుకి పెదవులు కదిపేవాళ్ళు, తను నిజంగా పాడేది. ఆ నవంబరులో ఇంగ్లండులో ముఖ్య గాయని మానేసి పొట్టి జుట్టు పిల్ల వచ్చినా, "సుచిత్రకి విగ్గు పెడదాం" అన్నాడు అంకుల్. నేను మాత్రం ఆ పాటలన్నీ పిన్ని వంటింట్లో పాడుకునేదాన్ని. నన్ను కూడా చేర్పించమని పిన్ని ప్రాణం తోడేసేదాన్ని.

ఒక మంగళవారం సుచిత్ర వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"ఆంటీ, గౌను టూ ఇంచెస్ లూజ్ చేయండి. మూడో నెల. మా అత్తగారికి కూడా ఇంకా చెప్పలేదు. డిసెంబర్ షో అయ్యేదాకా సీక్రెట్, ఓకే? అది నా బిగ్గెస్ట్ షో లాహ్!"

"నా నోట్లోంచి రాదమ్మా," అని పిన్ని ఆమె తల నిమిరింది.

బుధవారం పిన్ని నన్ను నిలబెట్టి నడుముకి టేపు చుట్టింది. ఎందుకంటే "ఊరికినే" అంది. గురువారం విశ్వనాథం అంకుల్ గౌన్ల కోసం వస్తే, టీ ఇస్తూ, "సుచిత్ర గౌను వదులు సెయ్యాలండి. మంచి కబురే లెండి," అంది. నేను వంటింట్లో ఉన్నాను. అంతా విన్నాను.

శుక్రవారం అంకుల్ సుచిత్రకి ఫోన్ చేసి, అక్కడ గాయని మారింది కాబట్టి ఇక్కడా మార్చక తప్పదన్నాడు. కొత్తమ్మాయిలా పొట్టి జుట్టు పిల్ల కావాలన్నాడు. శనివారం పొద్దున్నే వెళ్ళి నా జడ కత్తిరించుకున్నాను.

ఆ చోటు నాకే దొరికింది. నేను సుచిత్ర కంటే సన్నం. గౌనులో మిగిలిన గుడ్డ కత్తిరించేయాలి. పిన్ని కత్తిరించకుండా లోపలికి మడిచి కుట్టింది. రెండేళ్ళు ఆ గౌను వేసుకుని పాడాను. మడత నడుముని ఒరుసుకుంటోంది, కోసేయమని ఎన్నిసార్లు అడిగినా, "ఉండనీవే. ఆ పిల్ల పురుడయ్యాక వస్తాది. విప్పీసి ఇచ్చేద్దాం," అనేది. సుచిత్ర రాలేదు. రమ్మని ఎవరూ పిలవలేదు, నేనూ దిగలేదు. తర్వాత కంపెనీలు మూతపడ్డాయి, విందులు ఆగాయి, మా గ్రూపు చెదిరిపోయింది. గౌను పిన్ని బీరువాలోకి చేరింది.

సుచిత్ర గ్రూపులోంచి దిగిపోయిన ఏడేళ్ళకి, కిందటి నెల, ఆరేళ్ళ కూతురితో వచ్చింది. స్కూల్ కన్సర్ట్‌లో పాప పాడుతుందట, ఫ్రాకు కుట్టాలి. నేనిప్పుడు యీషున్‌లో వేరే ఫ్లాట్‌లో ఉంటాను. ఆ రోజు శనివారం కాబట్టి పిన్ని దగ్గరే ఉన్నాను. పిన్ని పాపకి కొలతలు తీస్తుంటే సుచిత్ర నవ్వుతూ అంది:

"ఆ ఇంగ్లీష్ అమ్మాయి మానేయకపోతే ఆ షో నాదే ఆంటీ. వాట్ టు డు లాహ్."

పిన్ని చేతిలో టేపు ఆగింది. "దాని వల్ల కాదమ్మా. నీ కడుపు సంగతి నానే సెప్పీసినాను. నోరు జారిపోనాది."

 సుచిత్ర పిన్ని చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ దానికోసం బాధపడ్డారా? నోరు జారడం ఎవరికైనా ఉంటుంది ఆంటీ. వదిలేయండి."

నా ప్రాణం కుదుటపడింది. అక్కడితో ఆగితే ఎంత బాగుండేది! పిన్ని బీరువాలోంచి గౌను తీసి, తిరగేసి, మడత చూపించింది.

"జారలేదమ్మా. ముందురోజే దీని నడుం కొలిసినాను. నీ సోట్లో దీన్ని నిలబెట్టాలనే సెప్పినాను."

సుచిత్ర నా వైపు తిరిగింది. "నీకు తెలుసా?"

"తెలుసు," అన్నాను. నా అంతట నేనే జడ కత్తిరించుకున్న సంగతి కూడా చెప్పాలి. చెప్పలేదు.

"మమ్మీ, మై డ్రెస్?" అంటున్న పాప చెయ్యి పట్టుకుని ఆమె వెళ్ళిపోయింది. ఫ్రాకు గుడ్డ బల్లమీదే ఉండిపోయింది. పిన్ని నాలుగు రోజులు కూర్చుని ఆ ఫ్రాకు కుట్టింది. పూర్తయ్యాక నా చేతిలో పెట్టి, "నా మాట నాను సెప్పీసినాను. నీ మాట నువ్వు సెప్పుకుని రా," అంది.

సుచిత్ర వాళ్ళుండే బుకిట్ పంజాంగ్ వెళ్ళాను. ఆమె ఫ్లాటు ముందు నిలబడ్డాను. లోపల పాప పాడుతోంది. తప్పిన చోటల్లా తల్లి అందుకుని పాడి చూపిస్తోంది. ఆ గొంతు ఏమాత్రం మారలేదు. బెల్లు మీద వేలు పెట్టి తీసేశాను. సంచీ ఇనుప గేటుకి తగిలించి, లిఫ్టు కోసం కూడా ఆగకుండా మెట్లు దిగి వచ్చేశాను.

"సెప్పీసినావా?" అంది పిన్ని, నేను చెప్పులు విప్పకముందే.

"చెప్పాను."

"ఏటంది?"

"ఏమీ అనలేదు. ఫ్రాకు తీసుకుంది."

పిన్ని కళ్ళు తుడుచుకుంది. "మన బాకీ తీరిపోనాదే," అంటూ గౌను తెచ్చి ఒళ్ళో వేసుకుని, కుట్లు విప్పి, ఇన్నేళ్ళూ దాచిన ఆ మడతని నా కళ్ళముందే కత్తెరతో కోసేసింది.