బయ్యన్న దించని జీపు

బయ్యన్న ఏ వస్తువునైనా ఎత్తుతాడు గానీ దించడు. మంచం కోళ్ళ కింద బండలు పెట్టి ఎత్తాడు. వసారా అంచున ఉన్న బల్లకు ఇటుకలు పేర్చి ఎత్తాడు. స్నానాల గదిలో పీటను సిమెంటు దిమ్మె మీదికి ఎక్కించాడు. ఆయన భార్య ఇంద్రాణి పొట్టి మనిషి. ఆ ఇంట్లో ఎక్కడ కూర్చున్నా ఆమె కాళ్ళు నేలకు అందవనీ, మొగుడి మీద కోపమొస్తే కాలు నేలకేసి కొట్టే భాగ్యం కూడా లేదనీ ఊళ్ళో చెప్పుకునేవారు.

ఇవన్నీ రాప్తాడు హైవే పక్కన షెడ్డు నడిపే మెకానిక్ ఓబుళేసు చెవిన పడేవి. టీ కొట్టు దగ్గర తన వంతు రెండు మాటలు కలిపి నలుగురినీ నవ్వించేవాడు కూడా. బయ్యన్న తన పాత జీపును ఎత్తించిన రోజున మాత్రం ఆ నవ్వు ఆగిపోయింది.

బెంగళూరులో ఎవరితోనో చక్రాల మీద బండిని మోసే కమానుపట్టీలు కొత్తవి వేయించి, జీపును నాలుగంగుళాలు పైకి లేపించుకుని ఇంటికి పోకముందే షెడ్డుకు వచ్చాడాయన. ఓబుళేసు ఇచ్చిన టీ గ్లాసు నోటిదాకా పోతే ఒట్టు. చేతులు ఇంకా స్టీరింగు మీదున్నట్టే ఊగుతున్నాయి. టీ అంతా చొక్కా తాగింది.

"ఏమైంది బయ్యన్నా?"

"ఏం కాలేదప్పా. నలభై దాటితే స్టీరింగు రవ్వంత తలూపుతాండాది."

"రవ్వంతనా? నీ మీసం కూడా ఊగుతాండాది కదన్నా!"

"మీసం సంగతి నేను చూసుకుంటా. నువ్వు జీపు చూడు."

ఓబుళేసు కిందికి దూరాడు. జీపైతే లేచింది గానీ, దాని కింది సామాను ఏదీ అందుకు ఒప్పుకోలేదు. ముందు ఇరుసు వాలు తప్పింది. అందుకే చక్రాలకు ఆ వణుకు. స్టీరింగు నుంచి చక్రానికి పోయే కడ్డీ గోడకు ఆనించిన నిచ్చెనలా నిలబడింది. దాంతో గుంత తగిలినప్పుడల్లా జీపు తనకు నచ్చిన దిక్కుకు తిరిగేది. వెనక చక్రాలను తిప్పే షాఫ్టు మరీ ఏటవాలై, కీళ్ళు అరిగి గురక పెడుతోంది. అనంతపురం బయలుదేరితే ఏ స్పీడుబ్రేకరు దయ తలిస్తే ఆ ఊరికి పోవాల్సిందే. బెంగళూరు నుంచి వస్తూ ఎరువుల కొట్టుకని మళ్ళిన బయ్యన్న ముక్కూ మొహం తెలియని వాళ్ళ పెళ్ళిపందిట్లో తేలి, చదివింపులు కూడా చదివించి వచ్చాడట.

"అన్నిటికీ ఒకటే మందన్నా. రెండంగుళాలు దించేద్దాం," అన్నాడు ఓబుళేసు.

బయ్యన్న జీపు దగ్గరికి నడిచాడు. సీటు వెనక నుంచి ఒక కర్ర తీశాడు. దానికి ఒకచోట కత్తితో పెట్టిన గాటు. కర్రను జీపు పక్కన నేలమీద నిలబెట్టి, సీటు అంచు గాటుకు సరిగ్గా ఉందో లేదో ఒంటికన్నుతో చూసుకున్నాడు.

"సీటు ఈ గాటు దిగకూడదు. మిగతాది నువ్వెట్ల చేస్తావో చెయ్యి."

"ఎందుకన్నా అంత ఎత్తు?"

"నా ఇష్టం."

ఓబుళేసుకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి తెలియకుండా పని కానిచ్చేద్దామనుకుని, కమానుల్లో నుంచి ఒక్కో పట్టీ లాగేశాడు. బయ్యన్న సాయంత్రం వచ్చి నమస్కారమైనా పెట్టకుండా కర్ర నిలబెట్టాడు.

"రెండు వేళ్ళు దిగింది. ఎక్కించు."

"రెండు వేళ్ళకే కొంపలు మునుగుతాయా?"

"మునుగుతాయి."

పట్టీలు మళ్ళీ ఎక్కాయి. వణుకూ మళ్ళీ వచ్చింది. జీపు షెడ్డు ముందు అలాగే నిలబడిపోయింది. టీ కొట్టులో మాత్రం కొత్త కబురు పుట్టింది: బయ్యన్న చుక్కలకు సున్నం కొట్టడానికి జీపు ఎత్తిస్తున్నాడని.

ఇంతలో ఎన్నడూ లేనంత వాన కురిసింది. బయ్యన్న వాళ్ళ ఊరి చెరువు నిండి మరువ పారింది. ఎన్నో ఏళ్ళకు కట్ట పక్కన నీళ్ళు పొర్లి దూకుతుంటే ఈ సీమలో ఎవరు ఇంట్లో కూర్చుంటారు? పసుపు, కుంకుమ, చీర పట్టుకుని ఆడవాళ్ళంతా గంగమ్మకు పెట్టడానికి కదిలారు. బయ్యన్న పరుగు పరుగున షెడ్డుకు వచ్చాడు.

"ఓబుళేసూ, రేపటికి ఈ ఊగులాట నిలిపెయ్యప్పా. ఆ దావలో జీపు తప్ప ఇంకేదీ పోదు. నీళ్ళు మనకోసం కూచోవు."

ఆ గొంతులో ఎప్పటి బింకం లేదు. బతిమాలడం అసలు తెలియని మనిషి బతిమాలుతున్నాడు. ఓబుళేసు వెంటనే పనిలోకి దిగాడు. ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప చీలికలు దూర్చి వాలు సరిచేశాడు. స్టీరింగు కింద వేలాడే ఇనుప చేతిని తీసి పొడుగుది వేసి, కడ్డీని పడుకోబెట్టాడు. వెనక ఇరుసు మూతి షాఫ్టు వైపు తిప్పి, కొత్త కీళ్ళు బిగించాడు. గాటు దగ్గర సీటు వెంట్రుకవాసి కూడా దిగలేదు.

మరునాడు ఓబుళేసు నిండు టీ గ్లాసు పట్టుకుని జీపులో పక్క సీట్లో కూర్చున్నాడు. బయ్యన్న యాభైలో పోనిచ్చాడు. చుక్క ఒలకలేదు.

"ఇంటిదాకా రాప్పా. మళ్ళీ తలూపితే నువ్వుండల్ల," అన్నాడు బయ్యన్న.

జీపు వసారా అంచుకు ఆనుకుని ఆగింది. ఓబుళేసు వసారాలోకి దిగాడు. లోపలి నుంచి చక్రాల కుర్చీలో వచ్చింది బయ్యన్న అత్త నారాయణమ్మ. కాళ్ళు పడిపోయినప్పటి నుంచి ఆమె గడప దాటలేదు. నన్ను మూటలాగా ఎత్తుకుపోయేటట్టయితే రానే రానని పట్టు. ఓబుళేసు చూస్తుండగానే ఆమె కుర్చీలో నుంచి ఇటుకల బల్ల మీదికి జరిగింది. బల్ల మీద నుంచి జీపు సీటు మీదికి జరిగింది. అన్నీ ఒకే ఎత్తు. ఒక్క చెయ్యి సాయం పట్టలేదు.

మంచం, పీట, బల్ల, జీపు వరుసగా ఓబుళేసు కళ్ళముందు నిలిచాయి. టీ కొట్టులో తను నవ్వించిన నవ్వులన్నీ గుర్తొచ్చి సిగ్గేసింది.

"ఇంతకూ ఆయమ్మ కోసమా అన్నా?"

"మెల్లగా మాట్లాడు!" బయ్యన్న అటూ ఇటూ చూశాడు. "తన కోసమని తెలిస్తే ఎక్కదు. నాకు పిచ్చి అనుకుంటే తిట్టుకుంటా ఎక్కుతాది."

ఇంద్రాణి పసుపు కుంకుమల పళ్ళెం తల్లి ఒళ్ళో పెట్టి వెనక్కి ఎక్కింది. బయ్యన్న అటు తిరిగి స్టీరింగు వైపు పోతుండగా నారాయణమ్మ ఓబుళేసును దగ్గరికి పిలిచింది.

"ఏమప్పా మెకానిక్కూ, మా అల్లుని పిచ్చి గానీ కుదిర్చేవు! దాన్నట్లే ఉండనీ. నాకు కొలతకు సరిపోయింది."

ఓబుళేసు నోరు తెరిచేలోగా ఆమె గొంతు పెంచింది.

"ఏమి అల్లుడా, మనుషులెక్కే బండికి ఇంత ఎత్తు యాలప్పా?"

"నా ఇష్టమత్తా!"

జీపు గుంతల దారిలో మరువ వైపు కదిలింది. నారాయణమ్మ ఒళ్ళో పళ్ళెంలోంచి చిటికెడు కుంకుమైనా ఒలకలేదు. అల్లుణ్ణి తిడుతూనే, వెనక ఎక్కిన ఓబుళేసు వైపు తిరిగి కన్ను గీటింది.